ఆ లెటర్ మనదేనా సార్

నేను పదేళ్లు ఒక ఎమ్మెల్యే దగ్గర పీఏగా పనిచేశాను. ఏ నియోజకవర్గమని మాత్రం అడగొద్దు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊర్లలో ఏదో ఒక దాంట్లో మా కారు రోజూ కనబడేది. ఇది చదివి ఆ మూడు ఊర్లవాళ్లూ మా ఆయన గురించి కాదులే అనుకుంటే అందరికీ మంచిది. పేర్లు కూడా రాయను. ఇందులో ఉన్నవాళ్లంతా బతికే ఉన్నారు, చాలామంది నా ఫోన్ నంబరు ఇంకా దాచుకొనే ఉన్నారు.

అంతకు ముందు నాకు ప్రొద్దుటూరులో ఒక జిరాక్సు అంగడి ఉండేది. జిరాక్సు కంటే అర్జీలు రాయడమే ఎక్కువ. ఇంటి పట్టా, పాసుపుస్తకంలో తప్పు, వితంతు పెన్షన్, కువైట్లో పాస్‌పోర్టు లాక్కున్న సేఠు, ఏ కష్టం చెప్పినా ఒక పేజీలో సర్దేవాణ్ణి. మా సారు అప్పుడు మండలాధ్యక్షుడు. నాలుగు ఊర్ల నుంచి వచ్చిన అర్జీలు ఒకే చేతిరాతతో, ఒకే దండంతో మొదలవడం చూసి, ఇదంతా రాసేదెవరో కనుక్కొని, ఒక రోజు అంగడి ముందు కారు ఆపాడు.

"నువ్వు రాస్తే నాకే ఏడుపొస్తాందప్పా. రేపు మనం గెలిస్తే నా దగ్గరికి వచ్చెయ్" అన్నాడు.

గెలిచాడు. వెళ్లాను.

మా సారు పెద్ద మనిషి. ఆకారంలోనూ, మనసులోనూ. ఆయనకు ఒకే ఒక లోపం ఉండేది, 'లేదు' అనే మాట నోట రాదు. పుట్టుకతో రాలేదో, రాజకీయాల్లోకి వచ్చాక పోయిందో నాకు తెలియదు. ఒకసారి డాక్టరు, "బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగితే, "దానికేముందప్పా, చేస్తాం లే" అన్నాడు. డాక్టరు చీటీ వైపు చూసి నా వైపు చూశాడు. నేను లేదని తల ఊపాను. నా ఉద్యోగం దాదాపు ఇంతే.

ఇంకొంచెం ఉంది. నియోజకవర్గంలో ఎవరు ఎదురైనా పేరు పెట్టి పలకరిస్తాడని మా సారుకు పెద్ద పేరు. చావు ఇంటికి పోయినా, పెండ్లికి పోయినా, చెరుకు రసం బండి దగ్గర ఆగినా, "ఏమప్పా, మీ చిన్నోడికి కాలు నయమైందా?" అనేవాడు. ఆ మనిషి జన్మంతా దాన్ని చెప్పుకునేవాడు. ఆ కాలు సంగతి ఆయన చెవిలో వేసేది నేను. ఎవరైనా దగ్గరికొస్తే సారు తల ఒక్క అంగుళం నా వైపు వంగేది. ఊరు, పేరు, ఇంటి సంగతి, ఈ మూడూ ఆ అంగుళంలో చెప్పాలి. నాకు జ్ఞాపకశక్తి దేవుడిచ్చిన వరం. ఒకసారి విన్నది పోదు. మా పెండ్లికి కూడా సారు వచ్చాడు. అక్షింతలు వేసి, ఫోటో దిగి, భోజనం చేసి వెళ్లాడు. చెవిలో చెప్పాల్సినవాణ్ణి పీటల మీద ఉండిపోయాను కాబట్టి, ఎవరి పెండ్లికి వచ్చాడో ఆయనకు తెలియలేదు.

శాసనసభ సంగతి కూడా చెప్పాలి కదా. పదేళ్లలో మా సారు సభలో మూడుసార్లు మాట్లాడాడు. రెండుసార్లు ప్రమాణం చేసినప్పుడు. ఇంకోసారి పెన్నా మీద ఒక చిన్న వంతెన గురించి నేను రాసిచ్చిన ప్రశ్న చదివాడు. మంత్రిగారు పరిశీలిస్తామన్నారు. మా సారు పొంగిపోయి ధన్యవాదాలు చెప్పాడు. బయటికి వచ్చాక నాతో, "చూసినావా, ఆయప్ప కూడా మన మాదిరే" అన్నాడు. గన్‌మెన్ ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్ల ముఖ్యమైన పని శాలువాలు పట్టుకోవడం.

అసలు పని అంతా పొద్దున ఆరు నుంచి పదిదాకా ఇంటి ముందు హాల్లో జరిగేది. ప్లాస్టిక్ కుర్చీలు, మగవాళ్లకు ఒక వరుస, ఆడవాళ్లకు ఒక వరుస. సారు మధ్యలో కూర్చుంటాడు. ఎడమ పక్కన చిన్న బల్ల వేసుకొని నేను, నా ముందు లెటర్‌ప్యాడు. వచ్చినవాళ్లు కష్టం చెప్తారు, సారు "రాయప్పా" అంటాడు, నేను 'తగు చర్య నిమిత్తం' అని రాస్తాను, సారు సంతకం పెడతాడు. ఆ లెటరు తీసుకొని వాళ్లు ఫలానా ఆఫీసుకు పోతారు. ఒక్క పొద్దుటికి డెబ్బై ఎనభై లెటర్లు. ఎవరూ ఒట్టి చేతులతో పోకూడదని సారు పట్టుదల.

మొదటి ఏడాదే దానికి చిక్కు వచ్చింది. జమ్మలమడుగు పక్కన ఒక ఊళ్లో చౌకదుకాణం డీలరు పోస్టు ఖాళీ అయింది. ఆ ఊరి తోడల్లుళ్లు ఇద్దరు గంట తేడాతో వచ్చారు. సారు ఇద్దరికీ లెటర్లు ఇచ్చాడు. ఇద్దరికీ ఒకటే బండి కాబట్టి ఇద్దరూ అదే బండి మీద పోయి ఆఫీసరు ముందు రెండు లెటర్లు పెట్టారు. ఆఫీసరు నాకు ఫోన్ చేశాడు. "ఒకటే ప్యాడు, ఒకటే సంతకం, ఒకటే తేదీ. నన్ను ఏం చేయమంటారు?" అన్నాడు. మేము అప్పుడు కారులో పులివెందుల పోతున్నాం. సారు ముద్దనూరు దాటేదాకా ఆలోచించాడు.

"నీకేమనిపిస్తాందప్పా?"

"పెద్దాయనకు ఇద్దరు ఆడపిల్లలు సార్. చిన్నాయనకు మిషను ఉంది, కుట్టుకొని బతుకుతాడు."

"అయితే పెద్దాయన లెటర్ మనదే అని చెప్పు."

చెప్పాను. "అది మనదే సార్" అన్నాను. ఆఫీసరు, "రెండోది?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. ఆయనకు అర్థమైంది.

ఆ పూట నుంచి అదే పద్ధతి అయింది. లెటరు అందరికీ ఇస్తాం. ఏది చెయ్యాలో దానికి నేను రెండు రోజుల్లో ఫోన్ చేసి 'మనదే' అంటాను. ఫోన్ రాని లెటర్లు ఫైల్లోకి పోతాయి. ఒక ఆఫీసరు బదిలీ అయి ఇంకొకడు వస్తే, తాళాలతో పాటు ఈ సంగతి కూడా అప్పగించి పోయేవాళ్లు. సారు అందరి ముందూ ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, "ఏమప్పా, మా వాళ్లది ఒక పని ఉంది, చేసి పెట్టు" అని మాట్లాడటం కూడా లెక్కలోకి రాదు. వాళ్లు "అట్లే సార్, చేస్తాం సార్" అనేవాళ్లు. వరుసలో ఉన్నవాళ్లు విని సంతోషపడేవాళ్లు. ఆఫీసరు నా ఫోన్ కోసం చూసేవాడు.

మొదట్లో ఏవి మనవో సారు చెప్పేవాడు. రెండో ఏటికి "నువ్వే చూడప్పా" అన్నాడు. మూడో ఏటికి అదీ అనలేదు. డెబ్బై లెటర్లలో ఏడో ఎనిమిదో నేనే ఏరేవాణ్ణి. న్యాయం చూసి ఏరానని రాయాలని ఉంది. కొన్నిసార్లు న్యాయమే చూశాను. కొన్నిసార్లు వెనక ఎవరు వచ్చారో చూశాను. ఊరి పెద్ద వెంట వస్తే ఒక లెక్క, పది ఓట్ల ఇల్లయితే ఒక లెక్క. కొన్నిసార్లు టీ వేడిగా ఉండేది, ఆ పూట రెండు ఎక్కువ చేసేవాణ్ణి. దీనివల్ల ఎవరికీ నష్టం లేదనే నమ్మాను. పని కానివాళ్లకు కనీసం లెటరైనా ఉంటుంది కదా అనుకున్నాను. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. సారు రెండోసారి కూడా గెలిచాడు. గెలిపించింది ఆ లెటర్లే అని నేను లోలోపల గర్వపడ్డాను.

నా భార్య చక్రాయపేట మండలంలో ఒక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సు. కాంట్రాక్టు ఉద్యోగం. మా ఇల్లు ప్రొద్దుటూరులో. ఆమె పొద్దున నేను సారు ఇంటికి పోకముందే లేచి, వేంపల్లె బస్సు ఎక్కి, అక్కడ దిగి ఇంకో బస్సు ఎక్కేది. సాయంత్రం మళ్లీ రెండు. ఆ రోడ్డు మీద ఎక్కడెక్కడ గుంతలు ఉన్నాయో ఎమ్మెల్యే పీఏ కంటే ఆమెకే బాగా తెలుసు. మాకు మొదటి కడుపు మూడో నెలలో పోయింది. డ్యూటీ నుంచి వస్తూ బస్సులోనే మొదలైంది. రెండోసారి నెల తప్పినప్పుడు ప్రొద్దుటూరు డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఈసారి బస్సు ఎక్కడానికి వీల్లేదు. నువ్వు నర్సువే కదా, నేను చెప్పాల్సిన పనేముంది" అనింది. కాంట్రాక్టువాళ్లకు అంత పొడుగు సెలవు ఇవ్వరు. పెడితే వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉండదు. ఒక్కటే దారి, ప్రొద్దుటూరుకు డెప్యుటేషన్.

ఆమె నన్ను ఏ రోజూ ఏదీ అడగలేదు. ఆ రోజు అడిగింది.

"మీ సార్‌తో ఒక్క మాట చెప్పు. లోకమంతటికీ చేస్తాండావు కదా."

మరుసటి రోజు లెటర్ రాశాను. పదేళ్లలో నేను రాసిన వాటిలో ఒక్క తప్పూ లేని లెటర్ అదే. సారు డెబ్బై లెటర్ల మధ్య దాని మీద కూడా సంతకం పెట్టాడు. లెటరు ఆఫీసుకు చేరింది. ఇంక నేను ఫోన్ చేసి 'అది మనదే సార్' అనాలి. అంతే.

చెయ్యలేకపోయాను. ఎనిమిదేళ్లు నా సొంతానికి ఏమీ అడగలేదని జిల్లా అంతా చెప్పుకునేవాళ్లు. ఆఫీసర్లు నా ముందు ఇంకో పీఏను తిట్టి, మీరు వేరే సార్ అనేవాళ్లు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో ఆ ఫోన్ చేతిలో పట్టుకున్నప్పుడు తెలిసింది. పెండ్లాం కోసం అడిగాడని మరుసటి రోజే మాట పాకుతుంది. నంబరు తీసి, పెట్టేసి, మళ్లీ తీసి, చివరికి కారులో సారుతోనే అన్నాను.

"సార్, ఆ నర్సు డెప్యుటేషన్ లెటర్‌కు మీరొక మాట చెప్తే బాగుంటుంది."

"దానికేముందప్పా, చెప్తాం."

ఎనిమిదేళ్లు ఆ మాట పక్కన కూర్చొని విన్నవాణ్ణి. దాని అర్థం ఈ భూమి మీద నా కంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా నమ్మాను. సారు మాత్రం, ఎప్పటిలాగే ఫోన్ చేసేది నేనే కదా అనుకొని ఉంటాడు. అంతకు మించి ఆయన్ని అనడానికి లేదు. ఆ నర్సు ఎవరో నేను చెప్పనూ లేదు.

వారం గడిచాక ఆమె ఏమైందని అడిగింది. "ప్రాసెస్‌లో ఉంది" అన్నాను. ఇంకో వారం తర్వాత అడిగితే "ఫైలు కదిలింది" అన్నాను. హాల్లో చెప్పే మాటలు ఇంట్లో కూడా అంత సులువుగా వస్తాయని నాకు తెలియదు. మూడో వారం ఆమె అడగలేదు. నాలుగో వారంలో ఒక సాయంత్రం వేంపల్లె బస్టాండులో దిగి, లేవలేక బెంచీ మీద గంటసేపు కూర్చుందట. కొంచెం రక్తం కనబడింది. తోటి నర్సు ఆటో మాట్లాడి డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చింది. సంగతి నాకు ఆ నర్సు చెప్పింది, నా భార్య చెప్పలేదు. నేను ఇంటికి పోయేసరికి ఆమె గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. బిడ్డ ఉంది, ప్రమాదం లేదు అని మాత్రం అనింది. నాకు భయం వేసింది. సిగ్గు కూడా వేసింది. రేపు ఫోన్ చేస్తానని అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున ఏడున్నరకు హాల్లో తల ఎత్తి చూస్తే, ఆడవాళ్ల వరుసలో ఆమె ఉంది.

డ్యూటీకి కట్టుకునే చీరే కట్టుకుంది. చేతిలో మడిచిన కాగితం. ఆమె ముందు తొమ్మిదిమంది ఉన్నారు. నేను లేచి పోయి పక్కకు తీసుకెళ్లొచ్చు. లోపలి గదిలో కూర్చోబెట్టొచ్చు. లేవలేదు. తొమ్మిదిమందికీ లెటర్లు రాశాను. ఆమె వంతు వచ్చింది. కాగితం సారు చేతికి ఇచ్చింది. తనే రాసుకుంది, నా దగ్గర రాయించుకోలేదు.

సారు తల ఒక్క అంగుళం నా వైపు వంగింది.

"చక్రాయపేట మండలం సార్. నర్సు. డెప్యుటేషన్" అన్నాను. ఇంకో ముక్క చెప్పాల్సి ఉంది. దాన్ని వదిలేశాను.

సారు ఆమె వైపు తిరిగి ఎప్పటిలాగే ప్రేమగా నవ్వాడు. "ఏమ్మా, బాగుండావా? చక్రాయపేట నుంచి ఇంత పొద్దునే వచ్చినావే. మీ ఆయన యాడ పంజేస్తాండాడు?"

"ఈడే సార్. మీ పక్క కుర్చీలో" అనింది.

సారు కాగితం వైపు, ఆమె వైపు, తర్వాత నా వైపు చూశాడు. నేను పెన్ను మూత పెట్టాను, మళ్లీ తీశాను.

"నెల కింద మీరే సంతకం పెట్టినారు సార్. నేను కడుపుతో ఉండా. డాక్టరమ్మ బస్సు ఎక్కొద్దనింది. ఈయప్ప రోజూ ప్రాసెస్‌లో ఉంది అంటాండాడు. ఆ ప్రాసెస్ ఏందో మిమ్మల్నే అడిగిపోదామని వచ్చినా."

నిష్ఠూరం ఎక్కడా లేదు. రోగి పేరు, బీపీ చెప్పే గొంతుతోనే చెప్పింది. సారు ముఖం మారిపోయింది. అంత సిగ్గుపడగా నేను ఆయన్ని ముందూ తర్వాతా చూడలేదు. "ఏందప్పా ఇది, నాకు చెప్పొద్దా" అని నాతో గొణిగి, ఆయనే ఫోన్ తీశాడు. ఆ రోజు అందరికీ వినిపించాలని కాదు, నిజంగానే చెయ్యాలని తీశాడు. కానీ చెయ్యి అలవాటుగా స్పీకర్ నొక్కేసింది.

అవతల ఆఫీసరు నెల కిందటే కోస్తా వైపు నుంచి వచ్చినవాడు. మంచివాడే. మా దగ్గర ఏది గట్టిగా అనాలో, ఏది అనకూడదో ఇంకా నేర్చుకోలేదు.

"ఏమప్పా, మా నర్సమ్మది డెప్యుటేషన్ లెటర్ ఒకటి పంపిచ్చింటిమి. నెలయిపాయ. ఏమైంది?"

"నమస్కారమండి. చూశానండి. మీ దగ్గర నుంచి లెటర్లు చాలా వస్తాయి కదండీ. పీఏ గారు ఫోన్ చేసి 'మనదే' అంటేనే చేయాలి, లేకపోతే ఫైల్లో పెట్టేయాలి అని నా ముందు పనిచేసినాయన చెప్పి వెళ్లారండి. దీనికి ఫోన్ రాలేదండి. ఆ లెటర్ మనదేనా సార్, లేకపోతే మామూలుదా?"

హాల్లో అరవైమంది దాకా ఉన్నారు. కొందరి చేతుల్లో నేను అప్పుడే రాసిచ్చిన లెటర్లు, సంతకం తడి ఆరకుండా, ఉన్నాయి. సారు బొటనవేలు స్పీకర్ ఆపడానికి వెతికి, వెతికి, సౌండు పెంచింది.

"హలో, హలో" అని ఆఫీసరు హాలంతా వినబడేలా అన్నాడు. "పోనీ పీఏ గారితో ఒక్క మాట చెప్పించండి సార్, ఇప్పుడే చేసేస్తాను."

సారు ఫోన్ నాకు ఇచ్చాడు.

ఆ క్షణంలో ఏమనాలో నాకు బాగా తెలుసు. 'మా సార్ ఇచ్చిన లెటర్లన్నీ మనవేనండి' అనాలి. అంతే. సారు గట్టెక్కుతాడు, హాలు శాంతిస్తుంది, అవతలి ఆయన తికమక పడి మొత్తం ఫైల్లో పెడతాడు. ఆ వాక్యం నా నాలుక మీద తయారుగా ఉంది. నా భార్య నా వైపు చూస్తోంది. కోపంగా కాదు. బ్లడ్ రిపోర్టు కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లు చూసినట్టు చూస్తోంది.

"ఆ లెటర్ మనదే సార్" అన్నాను. "నా భార్యది."

"అయ్యో, ముందే ఒక్క ఫోన్ కొట్టి ఉంటే సరిపోయేది కదండీ. ఈ రోజే పెట్టేస్తాను" అని ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత జరిగినవి ముందు చెప్పేస్తాను. నాలుగో రోజు ఆర్డరు వచ్చింది. నా భార్య ఆ నెల నుంచి ఇంటికి పది నిమిషాల దూరంలో పనిచేసింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ పిల్ల మా ఇంట్లో 'లేదు' తప్ప ఇంకో మాట మాట్లాడదు. సారు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మధ్యాహ్నం కారులో మాత్రం, "అన్నీ మనవే అనుంటే బాగుండేదప్పా" అన్నాడు. "ఆ మాట నాకూ తట్టింది సార్" అన్నాను. కిటికీ లోంచి శనగ చేల వైపు చూస్తూ, "తట్టినా అనకపోతివే. మంచి పని చేసినావు లే" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం ఉన్నది ఆ మాటకే, పదేళ్ల మిగతా వాటికి కాదు.

లెటర్ల విలువ మాత్రం పడిపోయింది. మరుసటి రోజు నుంచే వచ్చినవాళ్లంతా, "లెటర్ ఏం వద్దన్నా, ఆ ఫోన్ చెయ్యి చాలు" అనేవాళ్లు. సారు అందరికీ ఫోన్ చెయ్యమనేవాడు. నేను డెబ్బై ఫోన్లు చేసి డెబ్బైసార్లు 'మనదే' అనేవాణ్ణి. నెలకల్లా ఆఫీసర్లు నా ఫోన్లు కూడా ఫైల్లో పెట్టడం మొదలుపెట్టారు. ఎన్నికల్లో ఓడిపోయాం. గాలి అన్నారు, కులం అన్నారు, పైవాళ్ల తప్పు అన్నారు. సమీక్షలో లెటర్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. సారు ఇప్పుడు పొద్దున ఆరుకే లేచి, ఆ హాల్లో ఒక్కడే పేపరు చదువుకుంటాడు. ఎప్పుడైనా పోతే నాకు టీ తెప్పిస్తాడు. నేను మళ్లీ జిరాక్సు అంగడి పెట్టుకున్నాను. అర్జీలు రాస్తాను.

ఇదంతా నేను ఇబ్బంది లేకుండా ఎవరికైనా చెప్పగలను. చెప్తే నవ్వుతారు కూడా. చెప్పలేనిది ఆ పొద్దున ఫోన్ పెట్టేసిన వెంటనే జరిగింది.

హాల్లో గొడవ అవుతుందనుకున్నాను. కాలేదు. ఆడవాళ్ల వరుసలో నా భార్య వెనకనే ఒక ముసలామె ఉంది. జమ్మలమడుగు అవతలి పల్లె. ఆమె ముందుకొచ్చి, సంచిలోంచి ఒక లెటరు తీసి నా బల్ల మీద పెట్టింది. దానికి ల్యామినేషన్ చేయించుకుంది. ఇంటి పట్టాలకూ, పదో తరగతి మార్కుల కాగితాలకూ చేయించుకున్నట్టు. ఆఫీసులో జిరాక్సు ఇచ్చి అసలుది దాచుకుందట. కింద సారు సంతకం, పైన నా రాత. మూడేళ్ల కిందటి తేదీ. నడవలేని కొడుకుకు పెన్షన్ ఆగిపోయింది, మళ్లీ పరీక్ష చేయించి ఇప్పించాలని.

"మరి నాది నాయనా? ఇది మీదేనా, మామూలుదా?" అని అడిగింది.

తిట్టడానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. సారు తల వంచుకున్నాడు. నేను అక్కడే, ఆమె ముందే, ఆ ఆఫీసుకు ఫోన్ చేశాను. నెలన్నర తిరగకుండా ఆమె కొడుకుకు పెన్షన్ వచ్చింది. మూడేళ్ల కిందట చేసినా అంతే పట్టేది. నేను ఫోన్ పెట్టేశాక ఆమె నా ముఖం చూసింది. ఏం కనబడిందో ఏమో, నన్ను సముదాయించడం మొదలుపెట్టింది.

"పోనీలే నాయనా. శానామంది వస్తాంటారు. ఇంతమందిలో మర్చిపోయింటావు."

మూడేళ్ల కిందట ఆమె ఆ లెటరు కోసం వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకొని వచ్చింది. ఒక్కతే వచ్చింది. లెటరు రాసిచ్చాక, ఫోన్లు చెయ్యాల్సిన వాటిని ఏరుతూ, ఆమెది చేతిలోకి తీసుకున్నాను. వెనక ఊరి పెద్ద ఎవరూ రాలేదు. ఇంట్లో ఉన్నవి రెండే ఓట్లు, అందులో ఒకరు పోలింగు బూతు దాకా నడవలేరు. చెయ్యకపోయినా వచ్చి అడిగేవాళ్లు లేరు. అంతా ఆలోచించే పక్కన పెట్టాను.

"అవునమ్మా, మర్చిపోయినా" అన్నాను.

నా భార్య ఇంకా అక్కడే ఉంది. ఆ మాట విని నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. నేను దేన్నీ మర్చిపోనని ఆమెకు తెలుసు.